అప్పుడెవరూ కొనని డాలర్లు: అమెరికా స్మారక వెండి నాణేలు పోగేయడం ఎలా

అమెరికాలో ఏ కాయిన్ షోకి వెళ్లినా ఒక బల్ల మీద పాత వెల్వెట్ పెట్టెలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. పైన ఉన్నది తెరిచి చూడండి, చాలాసార్లు 1986 నాటి స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ వెండి డాలరే కనిపిస్తుంది. ఒకవైపు విగ్రహం, ఆమె వెనకాల వలసవచ్చినవాళ్లు దిగిన ఎల్లిస్ ఐలండ్ భవనం, రెండోవైపు చేతిలోని కాగడా. రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగినవాళ్ల మనసు లాగే బొమ్మే. నేను కొన్న మొదటి నాణెమూ అదే. అమ్మినాయన "చాలా రేర్ సార్" అన్నాడు. ఇంటికొచ్చి వెతికితే ఒక్క ప్రూఫ్ రకమే (అద్దంలా మెరిసేది) 64 లక్షలకు పైగా ముద్రించారని తెలిసింది.

నాణెం మీద నాకేమీ కోపం లేదు, ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. కానీ ఆ దెబ్బతో ఒక విషయం బుర్రకెక్కింది. జనం ఎగబడి కొన్నది ఎన్నేళ్లయినా దొరుకుతూనే ఉంటుంది. విడుదలైనప్పుడు ఎవరూ పట్టించుకోనిదాని కోసమే తర్వాత అందరూ వెతుకుతారు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు, ఏది మనది, ఏది కాదు

అమెరికాలో స్మారక నాణేల ముద్రణ 1892లో మొదలై 1954లో ఆగిపోయింది. మళ్లీ 1982లో జార్జ్ వాషింగ్టన్ 250వ జయంతికి వెండి అర్ధడాలరుతో తలుపు తెరిచారు. వెండి డాలర్లు మాత్రం 1983లో, లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ పేరుతో మొదలయ్యాయి. "మోడర్న్ కమెమొరేటివ్" అని షాపులవాళ్లు అనేది ఇక్కడి నుంచి ఇప్పటిదాకా వచ్చినవాటినే.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు రెండిటితో కలగాపులగం చేసుకుంటారు. ఒకటి సిల్వర్ ఈగిల్. అది 1986 నుంచి ఏటా వచ్చే ఒక ఔన్సు వెండి నాణెం, కొంచెం పెద్దది, 40.6 మిల్లీమీటర్లు. రెండోది మోర్గన్, పీస్ డాలర్లు. ఒకప్పుడు చలామణిలో తిరిగిన నాణేలవి. మన స్మారక డాలరు కొలత 38.1 మిల్లీమీటర్లు, బరువు 26.73 గ్రాములు, 90 శాతం వెండి, 10 శాతం రాగి. 2019లో అపోలో 11 డాలరు దగ్గర్నుంచి 99.9 శాతం వెండి వాడకం మొదలైంది, బరువు మాత్రం అదే.

మీద "ఒక డాలరు" అని ఉన్నా దాన్ని ఎవరూ డాలరుకి అమ్మరు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన ఎన్టీఆర్ శతజయంతి నాణెం గుర్తుందా? మీద వంద రూపాయలు, కొన్నది వేలల్లో. హైదరాబాద్ మింట్‌లో ముద్రించిన ఆ నాణెంలో వెండి సగమే. ఇక్కడా అదే పద్ధతి, పైగా ఒక మడత ఎక్కువ. ప్రతి వెండి డాలరు ధరలోనూ మామూలుగా 10 డాలర్ల సర్‌ఛార్జి కలిసి ఉంటుంది. అది ఆ నాణెం కోసం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టంలో పేరున్న సంస్థకి, స్మారకానికో మ్యూజియానికో పోతుంది. అంటే మింట్ దగ్గర కొత్తగా కొనేటప్పుడు అందులో కొంత విరాళమని ముందే అనుకోవాలి. తర్వాత అమ్మేటప్పుడు ఆ పది తిరిగి రాకపోతే ఏడవకూడదు.

మొదటి పని: గీత గీసుకోవడం

అన్నీ కొనాలనుకుంటే ఎనభైకి పైగా రకాలు, ఒక్కోదానికీ రెండు మెరుగులు, కొన్నింటికి రెండు మూడు మింట్‌లు. రెండేళ్లలో విసుగొస్తుంది, లేదా ఇంట్లో గొడవవుతుంది. ఒక వస్తువు పట్టుకోండి.

అంతరిక్షమంటే ఇష్టమైతే అపోలో 11, 2021లో వచ్చిన క్రిస్టా మెకాలిఫ్ (చాలెంజర్ ప్రమాదంలో పోయిన టీచరు). పౌరహక్కుల చరిత్ర అయితే చిన్నదే అయినా గట్టి వరస వస్తుంది: 1997 జాకీ రాబిన్సన్, 1998 బ్లాక్ పేట్రియట్స్, 2007 లిటిల్ రాక్, 2014 సివిల్ రైట్స్ యాక్ట్, 2024 హ్యారియట్ టబ్‌మన్. వీటిలో లిటిల్ రాక్ నాణెం చేతికొస్తే కాసేపు చూడండి. మొహాలుండవు. బడికి నడుస్తున్న పిల్లల కాళ్లు, పక్కనే కాపలా సైనికుడి బూట్లు, చుట్టూ తొమ్మిది నక్షత్రాలు, అంతే. లిటిల్ రాక్ ఊళ్లో తెల్లవాళ్ల బడిలో మొదట అడుగుపెట్టిన తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల కోసం ఆ నక్షత్రాలు. నాణెం మీద తలకాయ ఉండి తీరాలన్న అలవాటుని అంత తేలిగ్గా పక్కనపెట్టిన బొమ్మ ఈ వరసలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

మన ఊళ్లలో లయన్స్ క్లబ్ బోర్డు లేని పట్నం ఉండదు కదా, 2017లో ఆ క్లబ్ వందేళ్లకి వచ్చిన డాలరూ ఉంది: ఒకవైపు స్థాపకుడు మెల్విన్ జోన్స్, రెండోవైపు పిల్లతో సింహాల జంట. మా పెదనాన్నకి అదే పంపాను. మనిషికీ బొమ్మకీ లంకె ఉన్న నాణెం కొంటే ధర పడిపోయినా బాధుండదు.

రెండో పని: ముద్రణ సంఖ్య చదవడం

దీని దగ్గర తొందరపడొద్దు.

1986 లిబర్టీ, 1987 రాజ్యాంగ ద్విశతాబ్ది. ఈ రెండూ ప్రూఫ్ రకంలో 64 లక్షలు, 27 లక్షల పైచిలుకు అమ్ముడయ్యాయి. అంత గిరాకీ చూసి కాంగ్రెస్‌కి ఆశ పుట్టింది. ప్రతి సంస్థా తన పేరుతో ఒక నాణెం కావాలంది, సభ్యులు బిల్లులు పెట్టారు. 1995, 96 వచ్చేసరికి అది శిఖరానికి చేరింది. ఒక్క అట్లాంటా ఒలింపిక్స్ పేరుతోనే ఎనిమిది రకాల వెండి డాలర్లు, నాలుగు అర్ధడాలర్లు, నాలుగు బంగారు నాణేలు వచ్చాయి. ప్రతిదీ మామూలు మెరుగులో ఒకటి, ప్రూఫ్‌లో ఒకటి. మొత్తం ముప్ఫై రెండు. అవి చాలవన్నట్టు సివిల్ వార్, స్పెషల్ ఒలింపిక్స్, స్మిత్‌సోనియన్, కమ్యూనిటీ సర్వీస్ డాలర్లు కూడా. ఏళ్లుగా ప్రతిదీ కొంటూ వచ్చినవాళ్లు జేబులు తడుముకుని, చాలించుకున్నారు.

ఫలితం చూడండి. 1996లో డెన్వర్ మింట్ ముద్రించిన పారాలింపిక్ డాలరు, చక్రాల కుర్చీలో పరుగెత్తే క్రీడాకారుడి బొమ్మది, అన్‌సర్క్యులేటెడ్ (మామూలు మెరుగు) రకం అమ్ముడయింది 14,497. అదే ఏడాది హైజంప్ 15,697. టెన్నిస్, రోయింగ్ కూడా పదహారు వేల దగ్గరే. పక్కన పెట్టి చూడండి: లిబర్టీ ప్రూఫ్ నాలుగు వందల నలభై ఉంటే ఈ పారాలింపిక్ డాలరు ఒకటి. వెండి అంతే, బరువు అంతే, పరిమాణం అంతే.

ఈ దెబ్బకే 1996లో సంస్కరణ చట్టం చేసి, 1999 నుంచి ఏడాదికి రెండు విషయాల మీదే స్మారక నాణేలు అని కట్టడి పెట్టారు.

మరి తక్కువ ముద్రించిన ప్రతిదీ ఎక్కువ ధర పలుకుతుందా? పలకదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 2001 బఫెలో డాలరు ఐదు లక్షలు ముద్రించారు. పారాలింపిక్ దానికంటే ముప్ఫై రెట్లకు పైగా అరుదు. అయినా బఫెలోని అడిగేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే 1913 నాటి నికెల్ (ఐదు సెంట్ల నాణెం) మీది జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ బొమ్మ అది, నాణేలు పోగేయని ఇళ్లలోనూ తెలిసిన బొమ్మ. కొద్ది రోజుల్లోనే అన్నీ అయిపోయాయి. కాబట్టి రెండు ప్రశ్నలు కలిపి అడగాలి: ఎన్ని ఉన్నాయి, ఎంతమందికి కావాలి? మొదటిదానికి జవాబు నాణేల కేటలాగు పుస్తకంలో దొరుకుతుంది. రెండోదానికి బల్లల మధ్య తిరగాలి.

మూడో పని: ప్రూఫా, మామూలా, ఏ అక్షరం

ప్రూఫ్ అంటే అద్దంలా మెరిసే నేల మీద మంచు పట్టినట్టు తెల్లని బొమ్మ. అన్‌సర్క్యులేటెడ్ అంటే అంతటా ఒకే సన్నని పట్టుమెరుగు. చూడగానే ప్రూఫ్ అందంగా ఉంటుంది, అందుకే జనం అదే కొన్నారు. అందుకే 90ల నాణేల్లో ఎక్కువసార్లు మామూలు రకమే అరుదు. అదే పారాలింపిక్ డాలరు ప్రూఫ్‌లో 84 వేలకు పైగా ఉంది.

మింట్ అక్షరం చిన్నదే, కానీ ధరంతా అందులో ఉంటుంది. పి అంటే ఫిలడెల్ఫియా, డి డెన్వర్, ఎస్ శాన్‌ఫ్రాన్సిస్కో, డబ్ల్యు వెస్ట్ పాయింట్. అట్లాంటా డాలర్లలో డి ఉంటే మామూలు, పి ఉంటే ప్రూఫ్. షాపులో "స్మారక డాలర్లు, ఏదైనా వెండి ధరకే" అని రాసిన డబ్బా కనిపిస్తే చేతిలో భూతద్దం తీయండి. యజమానికి సంవత్సరం చూసే ఓపిక ఉండదు, అక్షరం సంగతి సరేసరి. వెండి బాగా పెరిగిన రోజుల్లో అరుదైనవీ మామూలువీ ఒకే డబ్బాలో పడతాయి. నా రోయింగ్ డాలరు అలాంటి డబ్బాలోదే.

నాలుగో పని: కొనడం

కొత్తగా వచ్చేవి నేరుగా అమెరికా మింట్ సైట్‌లో. అమ్మకం మొదలయ్యేది మామూలుగా తూర్పు సమయం మధ్యాహ్నం పన్నెండుకి. మొదట్లో పరిచయ ధర ఉంటుంది, తర్వాత పెరుగుతుంది. ఏదో ఒకటి రెండు తప్ప గబగబా అయిపోవు, కాబట్టి పన్నెండింటికి ఆఫీసు మీటింగ్ ఎగ్గొట్టాల్సిన అవసరం సాధారణంగా రాదు. 2014 బేస్‌బాల్ డాలరు మినహాయింపు. గిన్నెలా వంపు తిరిగిన మొదటి అమెరికన్ నాణెం కావడంతో నాలుగు లక్షలూ ఊడ్చుకుపోయారు. ఏ స్మారక నాణెమైనా ఆ ఏడాది చివరికి దాని ముద్రణ చట్టప్రకారం ఆగిపోతుంది.

పాతవాటికి ముందు కరిగిస్తే వచ్చే విలువ లెక్కేయండి. 90 శాతం డాలర్లలో స్వచ్ఛమైన వెండి 0.7734 ఔన్సు, 99.9 శాతం వాటిలో 0.859. ఇది వెండి, బంగారాల ఔన్సు, 31.1 గ్రాములది, వంటింటి ఔన్సు కాదు. స్పాట్ ధర (ఆ రోజు మార్కెట్లో ఔన్సు వెండి ధర) 30 డాలర్లు అనుకుంటే మొదటి రకంలో 23 డాలర్ల 20 సెంట్ల వెండి, 60 అనుకుంటే 46 డాలర్ల 40 సెంట్లు. ఫోన్‌లో ఆ రోజు స్పాట్ చూసి 0.7734తో గుణించడం అలవాటు చేసుకోండి. 1986, 87 నాటివాటికి ఆ అంకె మీద ఎక్కువ ఇవ్వొద్దు.

ఈబేలో అడిగే ధర చూడకండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. "సోల్డ్" అన్న గుర్తు నొక్కి, నిజంగా అమ్ముడైనవి చూడండి. పది అమ్మకాలు చూస్తే ధర తెలిసిపోతుంది.

పెట్టెకీ సర్టిఫికెట్‌కీ డబ్బు పెట్టకండి, ఉంటే మంచిదే. కానీ మూడు పెట్టెలు మాత్రం వేరు. 1993 తేదీతో వచ్చిన జెఫర్సన్ డాలరు, 1997 బొటానిక్ గార్డెన్ డాలరు, 1998 రాబర్ట్ కెన్నెడీ డాలరు ప్రత్యేక సెట్లుగా కూడా అమ్మారు. జెఫర్సన్ సెట్‌లో 1994 తేదీతో, బొటానిక్ సెట్‌లో 1997 తేదీతో మెరుపు లేని ప్రత్యేక మెరుగుదిద్దిన నికెల్ ఉంది. కెన్నెడీ సెట్‌లో అదే మెరుగుతో అర్ధడాలరు. బొటానిక్ సెట్లు 25 వేలే. అందులో ఐదు సెంట్ల నికెల్‌కే గిరాకీ, పక్కన ఉన్న వెండి డాలరుకి కాదు! అందుకే ఈ సెట్లు కొనేటప్పుడు పెట్టె తెరిచి ఆ చిన్న నాణెం ఉందో లేదో చూడండి. ఎవరో దాన్ని ఊడబీకి, మిగతాది పాత ధరకే అంటగట్టడం మామూలే.

ఐదో పని: నిజమైనదేనా

0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూనిక, వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం. బరువు 26.73కి బాగా దగ్గరగా ఉండాలి, వ్యాసం 38.1 ఉండాలి, అయస్కాంతానికి అంటకూడదు. క్యాప్సూల్‌లో (గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో) ఉంటే దాన్ని తీసి తూచాలి, అమ్మేవాడు వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నాణెం నాణ్యతకి అంకె వేసే గ్రేడింగ్ సంస్థ ప్లాస్టిక్ పలకలో బిగించినదైతే (షాపుల్లో స్లాబ్ అంటారు) దానిమీది నంబరు ఆ సంస్థ (పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ) సైట్‌లో కొట్టి చూడండి. నాణెం పేరు, గ్రేడు సరిపోవాలి. ఫోటో కూడా ఉంటే గీతలు, మచ్చలు పోల్చండి. దొంగ స్లాబ్ మీద నిజమైన నంబరు వేసేవాళ్లూ ఉంటారు.

69, 70 గొడవ

గ్రేడు 1 నుంచి 70 దాకా. కొత్త నాణేలు మింట్ నుంచి నేరుగా క్యాప్సూల్లోకి వెళ్తాయి కాబట్టి ఎక్కువ భాగం 69 వస్తాయి. 70 అంటే ఐదు రెట్లు పెద్దది చేసి చూసినా లోపం లేనిది. ఆ ఒక్క పాయింట్‌కి కొన్ని నాణేల్లో ధర రెండింతలు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. మామూలు కంటికి రెంటికీ తేడా తెలీదు. తెలుస్తుందని చెప్పేవాళ్లకి పేరు కప్పి రెండూ చూపించండి.

నేను 69 కొంటాను, లేదా స్లాబ్ లేనివి. గ్రేడింగ్ రుసుము, పోస్టేజీ కలిపితే చాలా డాలర్ల వెండి విలువ దాటుతుంది. అందుకని లిబర్టీ డాలరుని గ్రేడింగ్‌కి పంపడం దండగ. మీకు 70లే కావాలంటే ఆట మీదే, కానీ అప్పుడు కొంటున్నది నాణెం కాదు, లేబులు మీది అంకె.

చేతిలోకి తీసుకోవడం, దాచడం

అంచులు పట్టుకోవాలి, మొహం తాకకూడదు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరవండి, జారినా దెబ్బ తగలదు. ఇంకోటి, నవ్వొచ్చేదే గానీ నిజం: నాణెం మీదికి వంగి మాట్లాడకండి. కంటికి కనిపించని తుంపర పడి, కొన్ని నెలలకి నల్లటి చుక్కలవుతుంది. ప్రూఫ్ మీద ఆ చుక్క ఇక పోదు.

2009 లూయీ బ్రెయిల్ డాలరు మీద వేలితో చదవగలిగే బ్రెయిల్ అక్షరాలున్నాయి. అమెరికా నాణేల్లో అలా చదవగలిగింది అదే మొదటిది. తాకడానికే చేసిన ఆ నాణేన్ని కూడా మేం క్యాప్సూల్లో పెట్టి తాకకుండా చూస్తాం. దీన్నేమనాలో నాకు తెలీదు. రెండు కొని ఒకటి బయట ఉంచాను, ఇంటికొచ్చిన పిల్లలు వేళ్లతో తడిమి చూస్తారు.

ఇక శుభ్రం చేయడం. చేయకండి. మా అమ్మ విజయవాడ నుంచి వచ్చిన వేసవిలో నా 1983 ఒలింపిక్ ప్రూఫ్ మీద అంచుల్లో బంగారు రంగు, లోపలికి కొంచెం నీలం తిరిగి ఉండేది. టోనింగ్ అంటారు. గాలిలోని గంధకంతో వెండి పైపొర మారడం వల్ల వస్తుంది, బాగుంటే దానికోసమే ఎక్కువిస్తారు. అమ్మ కంటికి అది పూజగదిలో నల్లబడిన కుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పళ్లపొడితో తోమి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, దేవుడి పటం ముందు పెట్టింది. "ఇప్పుడు చూడు ఎలా తళతళలాడుతోందో!" దీపం వెలుగులో నిజంగానే తళతళలాడుతోంది. బల్లదీపం కింద వంచి చూస్తే అద్దం నేలంతా గుండ్రంగా వెంట్రుక గీతలు, వేలితో తిప్పిన దారి దారీ కనిపిస్తోంది. ఏమనగలం? "బాగుందమ్మా" అన్నాను. అది ఇప్పటికీ పూజగదిలోనే ఉంది. నాణేల పెట్టెకి ఆ రోజే తాళం కొన్నాను.

ఒక్క సందర్భంలోనే చేయి పెట్టాలి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో దాస్తే నాణెం మీద ఆకుపచ్చ జిగురు కడుతుంది. వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్వచ్ఛమైన అసిటోన్‌లో (గోళ్ల రంగు తీసే ద్రవం కాదు) గాజు గిన్నెలో, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా, కాసేపు ముంచి తీసి ఆరనివ్వండి. రుద్దకూడదు. కొన్ని కొత్త వెండి నాణేలమీద పాలచుక్కల్లాంటి తెల్లమచ్చలు వస్తాయి, వాటికి అసిటోన్ పనిచేయదు, తోమితే నాణెమే పోతుంది. అవి ఉన్నవి కొనకపోవడమే మందు.

దాచడానికి మింట్ ఇచ్చిన గట్టి క్యాప్సూల్ చాలు. పోతే 38 మిల్లీమీటర్లది కొనండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు, వంటింటికీ బేస్‌మెంట్ చెమ్మకీ దూరంగా. రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపరు దగ్గరికి రానివ్వద్దు, గంధకం వాటిలో ఉంటుంది.

ఇంటికి తీసుకెళ్లేవాళ్లకి, అమ్మేవాళ్లకి

ఇండియా వెళ్లేటప్పుడు బహుమతిగా నాలుగైదు తీసుకెళ్లాలనిపిస్తుంది. కస్టమ్స్ దృష్టిలో వెండి నగ వేరు, నగ కాని వెండి వేరు, నాణెం రెండోదాని కిందికి వస్తుంది. టికెట్ తీసుకున్నప్పుడే అప్పటి నిబంధనలు చదివి, కొన్న రసీదు పర్సులో పెట్టుకుని, డిక్లేర్ చేసి వెళ్లండి.

అమ్మితే లాభం మీద అమెరికాలో పన్ను ఉంది. ఏడాదికి పైగా ఉంచుకున్న నాణేలు "కలెక్టిబుల్స్" లెక్కలోకి వచ్చి 28 శాతం దాకా పడొచ్చు. షేర్ల లెక్క వాటికి వర్తించదు. అందుకే ఒక నోట్‌బుక్‌లో ప్రతి నాణేనికీ ఒక వరస పెట్టండి: సంవత్సరం, అక్షరం, ప్రూఫా మామూలా, ఎక్కడ, ఎప్పుడు, ఎంతకి, ఆ రోజు వెండి స్పాట్ ఎంత. రెండువైపులా ఫోటో తీసి ఫోన్‌లో కాకుండా ఇంకెక్కడైనా దాచండి.

ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి, ఇంటి బీమా ఏజెంటుకి ఒక ఫోన్ చేయండి. మామూలు హోమ్ పాలసీల్లో నాణేలు పోతే ఇచ్చేది చాలావరకు రెండు వందల డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. పది నాణేలు దాటినవాళ్లు విడిగా రైడర్ (అదనపు బీమా) రాయించుకోవాలి, ఏజెంటు జాబితా అడిగితే ఆ నోట్‌బుక్ నకలు పంపితే సరిపోతుంది.